కొత్త టీచరు, అయిదు తరగతులు, 18 సబ్జెక్టులు

2024 అక్టోబరు 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో దాదాపు 10 వేల మంది కొత్త టీచర్లకు తెలంగాణ ప్రభుత్వం నియామక పత్రాలిచ్చింది. ఏడాది తిరగకముందే, 2025 సెప్టెంబరు 25న వెలగపూడిలో టీచర్ల నియామక పరీక్ష అయిన మెగా డీఎస్సీ గెలిచిన దాదాపు 16 వేల మందితో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే పండగ చేసింది. నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసినవాళ్లు వీళ్లంతా. కొందరికి పెళ్లిళ్లు ఆగాయి, కొందరు ప్రైవేటు బళ్లలో అరకొర జీతాలకు పనిచేస్తూ చదువుకున్నారు. వాళ్ల సంబరాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు.

కాకపోతే ఒక్క సంగతి. బడులు తెరుచుకునేది జూన్ రెండో వారంలో. ఈ రెండు విడతల టీచర్లూ బడి గడప తొక్కింది అక్టోబరులో. సిలబస్ మూడో వంతు అయిపోయిందని కాగితాల మీద రాసి ఉన్న తరగతిలోకి, పిల్లల పేర్లు కూడా తెలియకుండా అడుగుపెట్టారు. అంతకుముందు వాళ్లకు దొరికింది మహా అయితే కొద్ది రోజుల శిక్షణ. మొదటి ఏడాదికి ఎలా సిద్ధం కావాలో చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువ. డీఎస్సీకి ఎలా సిద్ధం కావాలో చెప్పేవాళ్లు మాత్రం వీధికొకరు.

ఆ సన్నద్ధత ఎలా ఉంటుందో అవనిగడ్డలోనో నంద్యాలలోనో ఒక రోజు గడిపితే తెలిసిపోతుంది. ఊళ్లకు ఊళ్లే హాస్టళ్లయిన చోట్లు అవి. తెల్లవారుజామున లేచి బిట్లు చదవడం, మధ్యాహ్నం క్లాసు, రాత్రి డైలీ టెస్టు. సెకండరీ గ్రేడ్ టీచరు, అదే ఎస్జీటీ పోస్టుకు రాత పరీక్ష 80 మార్కులకు. అందులో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి అర మార్కు. మిగతా 20 మార్కులు టీచర్ల అర్హత పరీక్ష, అదే టెట్ వెయిటేజీ. జనరల్ నాలెడ్జ్, విద్యా దృక్పథాలు, కంటెంటు, మెథడాలజీ అన్నీ ఆ అర మార్కుల్లోనే ఇమడాలి. పియాజే చెప్పిన వికాస దశలు, కోల్‌బర్గ్ నైతిక స్థాయులు, వైగాట్‌స్కీ సిద్ధాంతం నిద్రలో అడిగినా చెప్పేస్తారు. మూడో తరగతి పిల్లాడు పక్కవాడి పలక లాక్కుని పరిగెడితే ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం నాలుగు ఆప్షన్లు ఇవ్వడం ఎవరికీ సాధ్యం కాదు. ఇచ్చినా నాలుగూ తప్పే కావచ్చు.

పరీక్ష వద్దని ఎవరూ అనడం లేదు. లక్షల మందిలోంచి వేల మందిని ఏరడానికి ఏదో ఒక జల్లెడ కావాలి. అయితే ఆ జల్లెడనే మనం శిక్షణగా పొరబడుతున్నాం.

ఇక్కడ సుప్రీంకోర్టు మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. ఒకటి నుంచి అయిదు తరగతులకు బీఈడీ చేసినవాళ్లూ అర్హులేనని 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఇచ్చిన నోటిఫికేషన్ 2023 ఆగస్టు 11న అత్యున్నత న్యాయస్థానంలో చెల్లకుండా పోయింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ ఉంది, అది ప్రాథమిక విద్యలో డిప్లొమా అయిన డీఈఎల్‌ఈడీలోనే దొరుకుతుందన్నది ఆ తీర్పు సారం. బీఈడీ చదివిన లక్షల మంది ఉసూరుమన్నా, వాదన మాత్రం సబబైనదే. ఏబీసీడీలూ ఒత్తులూ నేర్పడం ఎవరైనా చేసే పనేలే అన్న చులకన భావానికి అది చెంపపెట్టు. మరి అంత ప్రత్యేకమైన పని అని ఒప్పుకున్నాక, దాన్ని మొదటిసారి చేయబోయే మనిషిని ప్రభుత్వాలు ఎక్కడికి పంపుతున్నాయి?

చాలాసార్లు, ఎవరూ కోరుకోని బడికి. బదిలీల కౌన్సెలింగ్ నడిచే తీరే అంత. సర్వీసు పాయింట్లున్న సీనియర్లు ముందు కోరుకుంటారు. బస్సు సౌకర్యం ఉన్నవి, టౌనుకు దగ్గరివి, ఇంటద్దె భత్యం ఎక్కువ వచ్చేవి మొదటి గంటల్లోనే అయిపోతాయి. రోడ్డు దిగి మట్టిదారిలో వెళ్లాల్సినవి, వాగు దాటాల్సినవి, ఇంకో టీచరు లేనివి మిగులుతాయి. ఆ మిగిలిన జాబితానే కొత్తవాళ్ల ముందు పెడతారు. సీనియర్లను నిందించి లాభం లేదు. వాళ్లూ ఒకప్పుడు అదే మట్టిదారిలో సైకిలు తొక్కి వచ్చినవాళ్లే. తప్పు పద్ధతిది.

కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం 2024-25లో దేశంలో లక్షకు పైగా బడులు ఒక్క టీచరుతో నడిచాయి. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలకు పైనే. ఈ జాబితాలో అన్ని రాష్ట్రాలకన్నా ముందున్నది ఆంధ్రప్రదేశ్, దాదాపు 13 వేల బడులతో. తెలంగాణలోనూ ఇలాంటివి వేలల్లోనే ఉన్నాయి. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం 60 మంది పిల్లల వరకూ ఉన్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలంటోంది. పిల్లలు బాగా తక్కువున్నచోట ఒక్కరు చాలని రాష్ట్రాలు తమ జీవోల్లో సర్దుకుంటున్నాయి. పిల్లలు తక్కువైనంత మాత్రాన తరగతులు తగ్గవు కదా!

ఈ లెక్క దగ్గర కాస్త ఆగాలి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి అయిదు వరకు వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. రెండు మూళ్లు ఆరు, మూడు నాలుగులు పన్నెండు, మొత్తం 18 సబ్జెక్టులు. టీచర్ల మాటల్లో ‘అయిదు తరగతులు, పద్దెనిమిది సబ్జెక్టులు’ అని తరచూ వినబడే మాట ఇదే. ఒక్కో సబ్జెక్టుకు రోజూ 40 నిమిషాలు ఇవ్వాలంటే 12 గంటలు కావాలి. బడి నడిచేదేమో ఆరు గంటలకు అటూఇటూ. అందులోంచి ప్రార్థన, మధ్యాహ్న భోజనం, ఆటలు తీసేయాలి. దీనికి పరిష్కారం చెప్పమని డీఎస్సీలో అడిగి ఉంటే, నిజాయితీగల జవాబు ఒక్కటే: కుదరదు.

కుదరనిదాన్ని కుదిరినట్టు చూపించడం మొదటి ఏడాదిలో కొత్త టీచరు నేర్చుకునే మొదటి విద్య అవుతోంది. టీచింగ్ డైరీలో 18 సబ్జెక్టులూ సిలబస్ ప్రకారం పూర్తవుతుంటాయి. ఎదురుగా కూర్చున్న నాలుగో తరగతి పిల్ల ‘చెట్టు’ అన్న మాటను ‘చెటు’ అని చదివి, ఒత్తు దగ్గర ఆగి, టీచరు మొహంకేసి చూస్తుంటుంది. ఆ పాపకు పాఠం మొత్తం నోటికొచ్చు. మొదటి వాక్యం అందిస్తే చాలు, వేలు పుస్తకం మీద జరుపుకుంటూ గడగడా అప్పజెబుతుంది. వేలు మూడో వరసలో ఉంటే నోరు అయిదో వరసలో ఉంటుంది. పక్క పేజీలోంచి ఒక మాట చూపించి ఇదేమిటమ్మా అంటే అంతే సంగతులు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ పాపతో మొదటి పేరా చదివించుకుని ‘వెరీ గుడ్’ రాసి వెళ్లిపోగలడు. కొత్త టీచరు కూడా మొదటి నెలంతా మోసపోవడానికి అవకాశం ఉంది.

పల్లె పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ 2024 సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివేవాళ్లలో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతమే కాబట్టి మెరుగుపడ్డట్టే. అయినా నలుగురిలో ముగ్గురికి ఆ పాఠం చదవడం రావడం లేదు. పిల్లలు మూడో తరగతి దాటేలోగా చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యంతో కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27ను గడువుగా పెట్టుకుంది. తెలంగాణలో ఇదే లక్ష్యంతో ‘తొలిమెట్టు’ 2022లో వచ్చింది. ఈ పథకాలన్నింటిలోనూ బేస్‌లైన్ టెస్టులున్నాయి. ఫలితాలు పైకి వెళ్తాయి, రంగురంగుల గ్రాఫులవుతాయి. టీచరు చేతిలో మిగలాల్సింది మాత్రం గ్రాఫు కాదు, రెండు రూళ్ల కాగితాలు. ఏ పిల్లాడికి అక్షరాలే రావో, ఎవరికి గుణింతం దగ్గర, ఎవరికి ఒత్తు దగ్గర చిక్కొస్తోందో, ఎవరు పేరా చదివి అర్థం చెప్పగలరో పేరుపేరునా రాసుకున్న జాబితా అది.

అందుకే అనుభవం ఉన్న టీచర్లు కొత్తవాళ్లకు చెప్పేది వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. మొదటి రెండు వారాలు పాఠ్యపుస్తకం జోలికి పోవద్దంటారు. ఒక్కో పిల్లాడినీ పక్కన కూర్చోబెట్టుకుని, వాడెప్పుడూ చూడని పేరా చదివించాలి. రెండంకెల తీసివేత ఒకటి చేయించాలి. 25 మందికి ఇది పెద్ద పని కాదు. పెద్ద పని తర్వాత మొదలవుతుంది. జాబితా చేతికొచ్చాక తరగతి గోడలు కరిగిపోతాయి. నాలుగో తరగతి పిల్ల, రెండో తరగతి పిల్లాడు ఒకే గుంపులో కూర్చోవాల్సి వస్తుంది. అయిదో తరగతిలో ఉన్న మంచి చదువరి చిన్నవాళ్ల గుంపుకు తోడవుతాడు. 18 సబ్జెక్టుల లెక్క అప్పుడు మూడు గుంపుల లెక్క అవుతుంది. ఒక మనిషి మోయగలిగిన బరువు అది.

ఈ పద్ధతి ఎక్కడో విదేశాల నుంచి రావాల్సిన పనిలేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో దశాబ్దాల కిందటే పుట్టింది. రమ, పద్మనాభరావు దంపతులు అక్కడి చిన్న చిన్న ఏకోపాధ్యాయ బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విప్పదీసి, వందల చిన్న కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. పిల్లాడు రాగానే తన మెట్టు ఎక్కడుందో చూసుకుంటాడు. ఆ మెట్టుకు సంబంధించిన బొమ్మ గుర్తు, అంకె ఉన్న కార్డును తట్టలోంచి తీసుకుంటాడు. టీచరు సాయం కావాల్సిన పనైతే టీచరున్న గుంపులోకి, తోటివాళ్లతో చేసేదైతే ఇంకో గుంపులోకి, ఒంటరిగా చేసేదైతే మరో మూలకు వెళ్లి కూర్చుంటాడు. వారం రోజులు ఊరెళ్లి వచ్చిన పిల్లాడు తాను వదిలిన మెట్టు దగ్గర్నుంచే మొదలుపెట్టుకుంటాడు, మిగతావాళ్లు ఎంత ముందుకెళ్లినా సరే. టీచరు ‘నేను మొదటి తరగతికి చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ఏం చేస్తాయి’ అని గుండెలు బాదుకోవాల్సిన అవసరం అక్కడ ఉండదు.

1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో ‘నలి కలి’ పేరుతో మొదలైన ప్రయోగానికి మూలం ఇదే. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లలో మొదలై తర్వాత తమిళనాడు అంతటా పాకిన కృత్యాధార బోధనకూ రిషివ్యాలీ అనుభవమే దారి చూపింది. తెలుగు కార్డులతో, తెలుగు పల్లెలో పుట్టినదానికి పొరుగు రాష్ట్రాల్లో దక్కిన ఆదరణ సొంతగడ్డ మీద ప్రభుత్వ బళ్లలో దక్కలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత విద్యాశాఖకు బాగా వంటబట్టినట్టుంది. డీఈఎల్‌ఈడీ చదివే రెండేళ్లలో ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ ఇలాంటి ఒక బహుళతరగతి బడిలో కనీసం నెల రోజులు గడపాలన్న నిబంధన పెడితే, మొదటి పోస్టింగులో సగం భయం తగ్గుతుంది. ఇప్పుడు టీచింగ్ ప్రాక్టీసు పేరిట ఎక్కువమంది చూసేది టౌనులో తరగతికో టీచరున్న బడిని. అక్కడ ఒక తరగతికి, ఒక సబ్జెక్టుకు, ముందురోజు రాత్రి చార్టులు గీసుకుని చెప్పిన పాఠానికీ ఏజెన్సీ ఊళ్లో ఎదురయ్యే రోజుకూ సంబంధమే ఉండదు.

ఏజెన్సీ అంటే గుర్తొచ్చే ఇంకో చిక్కు భాష. సీతంపేట వైపు పోస్టింగు వచ్చిన మైదాన ప్రాంతపు టీచరు ముందు సవర మాట్లాడే పిల్లలుంటారు. ఉట్నూరు వైపు వెళ్తే గోండీ, కొలామీ. భద్రాచలం, చింతూరు వైపు కోయ. తండాల్లో లంబాడీ. ‘పిల్లలు ఏమడిగినా మాట్లాడరు, మొద్దుల్లా కూర్చుంటారు’ అని కొత్త టీచరు ఫోనులో స్నేహితులకు చెప్పుకోవడం మామూలే. ఆ పిల్లల దృష్టిలో మాటరాని మనిషి ఎవరో అడిగితే తెలుస్తుంది!

ఈ చిక్కును 140 ఏళ్ల కిందటే ఎదుర్కొన్న మాస్టారు ఒకాయన ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్లో ఉపాధ్యాయుడిగా చేరేనాటికి ఆయనకు 17 ఏళ్లే. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన్ని లోకం తర్వాత ఎరిగింది. దానికి ముందు ఆయన చేసిన పని, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకోవడం. తెలుగు వచ్చిన సవరను దగ్గర పెట్టుకుని మాటలు సేకరించారు, ఆ భాషలో బడి పుస్తకాలు రాశారు, సవర పిల్లల కోసం బడులు పెట్టించారు. ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, మంచిదే. సవర పిల్లలున్న బడికి వెళ్లే కొత్త టీచరుకు ఆ రోజు ఆయన విగ్రహానికి దండ వేయడంకన్నా, సవరలో ‘ఆకలేస్తోందా’, ‘ఎక్కడ నొప్పి’, ‘బయటికి వెళ్లాలా’, ‘దా, పక్కన కూర్చో’ అన్న మాటలు నేర్పించడం ఎక్కువ పనికొస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో సవర, కోయ, గోండీ, కొలామీ, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషాధారిత బోధన నడిచింది. తెలుగు లిపిలో వాటికి పుస్తకాలొచ్చాయి. అవి ఇప్పుడు ఏ బడి బీరువాలో ఉన్నాయో కొత్త టీచరు వెళ్లగానే వెతుక్కోవాలి. లేకపోతే అంగన్‌వాడీ ఆయానో, మధ్యాహ్న భోజనం వండే అమ్మనో అడగాలి. మొదటి ఏడాది ఆ టీచరుకు దొరికే అసలు గురువులు వాళ్లే.

దీనికి తోడు ఇంగ్లిష్ మీడియం. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. తెలుగు మీడియంలో చదివి, తెలుగులో డీఎస్సీ రాసిన టీచరు, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు ఇంగ్లిష్‌లో పరిసరాల విజ్ఞానం చెప్పాలి. ఎడమ పేజీ, కుడి పేజీ రెండూ ఆ పిల్లకు పరాయివే.

బెత్తం సంగతి కూడా చెప్పుకోవాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఈ సెక్షన్ మీద డీఎస్సీలో బిట్టు వస్తే తప్పు పెట్టేవాళ్లుండరు. బళ్లో అడుగుపెట్టిన మూడో రోజుకు ఊళ్లో ఒక తాత వచ్చి, ‘రెండు తగిలించు సారూ, అప్పుడుగాని మాట వినడు వీడు’ అని స్వయంగా వేపమండ అందించి వెళ్తాడు. కొట్టకుండా పాతికమందిని కూర్చోబెట్టడం ఎలాగో మాత్రం ఎవరూ చూపించి ఉండరు. గిజుభాయి బధేకా గుజరాతీలో రాసిన ‘దివాస్వప్న’ ఇక్కడ అక్కరకొస్తుంది. కొత్తగా వచ్చిన టీచరు నాలుగో తరగతిని ఏడాదిపాటు తన పద్ధతిలో నడిపిన కథ అది. ఎన్నో పుస్తకాలు చదివి, పథకం వేసుకుని వచ్చిన ఆ మాస్టారు మొదటి రోజు పిల్లల చేత నిశ్శబ్దపు ఆట ఆడించబోయి ఘోరంగా విఫలమవుతాడు. పిల్లలు ఆ ఆటనే అల్లరిగా మార్చేస్తారు. చేసేది లేక వాళ్లను ఇళ్లకు పంపించేస్తాడు. మర్నాడు పథకాలన్నీ పక్కనపెట్టి కథ ఎత్తుకుంటాడు. తరగతి నిలబడేది అక్కడే. దాదాపు శతాబ్దం కిందటి ఈ కల్పిత మాస్టారి ఓటమి మన శిక్షణ మాడ్యూళ్లకన్నా నిజాయితీగా ఉంటుంది. నియామక పత్రంతో పాటు ఈ పుస్తకం ఒక కాపీ ఇచ్చినా ఖజానాకు పెద్ద భారం పడదు. కొత్త టీచరు మాత్రం బడికి వెళ్లేలోపు కనీసం 20 కథలు, 20 పాటలు నోటికి తెచ్చుకోవడం మంచిది. అర మార్కు బిట్ల కోసం ఖర్చు చేసిన జ్ఞాపకశక్తిలో పదో వంతు చాలు దీనికి.

ఇక రిజిస్టర్లు. ఒక్కరే ఉన్న బడిలో చేరిన రోజే ఎస్జీటీ హెడ్మాస్టరు, గుమాస్తా, స్టోర్‌కీపరు కూడా. అడ్మిషన్ రిజిస్టరు, హాజరు, బియ్యం నిల్వ, కోడిగుడ్ల లెక్క, కమిటీ తీర్మానాలు, నగదు పుస్తకం, టీసీలు. వీటి మీద ఫోనులో యాప్‌లు. టీచరు ముఖం చూపించి వేసే హాజరు వేరు, పిల్లల హాజరు వేరు, భోజనం లెక్క వేరు. సిగ్నల్ లేని ఊళ్లో ఫోను పట్టుకుని చెట్టు కిందికి నడిచే టీచరు మీద జోకులు చాలానే ఉన్నాయి కానీ, ఆ పది నిమిషాలు తరగతికి పెద్దదిక్కు లేదన్నది జోకు కాదు. సమీపంలోని సీనియర్‌ను పట్టుకుని మొదటి వారంలోనే ఇవన్నీ ఎలా రాయాలో కూర్చుని నేర్చుకుంటే తర్వాత ఆడిట్ నాడు కన్నీళ్లుండవు. చేరేటప్పుడు చార్జి లిస్టు సరిచూసుకోకుండా సంతకం పెట్టొద్దు. కనిపించని బియ్యం బస్తాలకు, లేని బెంచీలకు బాధ్యత కొత్తవాళ్ల మెడకు చుట్టుకున్న ఉదంతాలు ప్రతి మండలంలోనూ వినిపిస్తాయి.

అక్టోబరులో చేరేవాళ్లకు ఇంకో చేదు అనుభవం ఉంటుంది. కర్నూలు పడమటి మండలాల్లో సరిగ్గా ఆ రోజులకే వలసలు మొదలవుతాయి. పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలు గుంటూరు వైపు, తెలంగాణ వైపు కదులుతాయి. ఇంట్లో చూసుకునే ముసలివాళ్లు లేకపోతే పిల్లలూ మూటల వెంటే వెళ్తారు. హాజరు పట్టీలో పేర్లు తగ్గుతుంటే, తన పాఠం నచ్చకే పిల్లలు రావడం లేదని కొత్త టీచరు మథనపడితే ఆశ్చర్యం లేదు. వలసల కాలంలో పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్ల గురించి ముందే తెలిస్తే, చేరిన వెంటనే ఇంటింటికీ తిరిగి పదిమందినైనా ఆపుకోవచ్చు. ఇది ఏ మెథడాలజీ పుస్తకంలోనూ ఉండదు. మండలంలో పదేళ్లు పనిచేసిన ఏ మాస్టారినడిగినా చెబుతారు. అడగడానికి ఆ మాస్టారు పక్కన ఉండాలి, అంతే.

అసలు అడగాల్సింది కొత్త టీచరు ఏం చేయాలని కాదు. పైన చెప్పినవన్నీ బుద్ధిమంతులైన కొత్తవాళ్లు ఎలాగో ఒకలా నేర్చుకుంటున్నారు. పిల్లల ఖర్చుతో, ఒకటి రెండేళ్లు తడుములాడి. ఆ ఖర్చును తగ్గించే బాధ్యత ప్రభుత్వానిది. జపాన్‌లో 1989 నుంచి ప్రాథమిక బడుల కొత్త టీచర్లకు మొదటి ఏడాదంతా ఉద్యోగంలో ఉండగానే శిక్షణ తప్పనిసరి. మార్గదర్శకుడైన సీనియర్ పక్కన ఉంటారు. స్కాట్లాండ్‌లో 2002 నుంచి అమలవుతున్న పథకంలో శిక్షణ పూర్తయినవారికి ఏడాదిపాటు పోస్టు గ్యారంటీ, పాఠాల భారం తక్కువ, మెంటర్ తోడు. అవి డబ్బున్న దేశాలు, మనకెక్కడ కుదురుతుందని అనేవాళ్లుంటారు. జీతం పెంచమనో, భవనాలు కట్టమనో కాదు కదా అడుగుతున్నది. ఎవరిని ఎక్కడ ముందు నిలబెట్టాలన్నదే ప్రశ్న.

మొదటి ఏడాది ఎస్జీటీని ఒంటరి బడికి పంపకూడదన్న ఒక్క వాక్యం కౌన్సెలింగ్ నిబంధనల్లో చేర్చితే చాలా మారుతుంది. ఇద్దరున్న బడిలో ఏడాది పనిచేసి, తర్వాత కావాలంటే ఒంటరి బడికి వెళ్తారు. మరి ఈలోగా ఆ బడులకు ఎవరు వెళ్తారంటే, వెళ్లే సీనియర్‌కు తర్వాతి బదిలీలో రెట్టింపు పాయింట్లిస్తే ముందుకొచ్చేవాళ్లు దొరుకుతారు. వాళ్లూ చాలకపోతే విద్యా వలంటీర్లను తీసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 తర్వాత కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ గ్రామీణ బడుల మీద చేసిన అధ్యయనంలో, ఒక కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చిన బడుల పిల్లలు మిగతావాళ్లకన్నా మెరుగ్గా నేర్చుకున్నట్టు తేలింది. అరకొర జీతంతో వలంటీర్లను శాశ్వతంగా వాడుకోవడం న్యాయం కాదు. కానీ కొత్త టీచరుకు మొదటి ఏడాది రెండో మనిషిగా ఇవ్వడం వేరు.

స్కూల్ కాంప్లెక్సులు ఎలాగూ ఉన్నాయి. నెలకోసారి సమావేశాలు జరుగుతాయి. ఎక్కువగా అక్కడ జరిగేది సర్క్యులర్లు చదివి వినిపించడం, టీ, ఫొటో. కాంప్లెక్సు పరిధిలో పాఠం చెప్పడంలో పేరున్న ఒక ఎస్జీటీని వారానికో రోజు కొత్తవాళ్ల బళ్లకు పంపితే, ఆ ఒక్క రోజే నెలరోజుల మాడ్యూలుకన్నా విలువైనది. జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏటా 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. మొదటి ఏడాదివారికి ఆ 50 గంటలూ ఆన్‌లైన్ వీడియోలతో కాక, ఇంకో టీచరు తరగతి గదిలో వెనక బెంచీ మీద గడవాలని నిర్ణయించడానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ఏటా డీఎస్సీ వేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంటోంది. మాట నిలబడితే అక్టోబరు చేరికల బెడద తీరే అవకాశం ఉంది. పరీక్ష చలికాలంలో, ఫలితాలు మార్చిలో, పోస్టింగులు ఏప్రిల్‌లో ఇస్తే, విద్యా సంవత్సరం చివరి వారాలు పాత టీచరుతో కలిసి అదే బడిలో గడపొచ్చు. పిల్లల పేర్లు, ఇళ్లు, ఎవరికి ఏం వచ్చో తెలుసుకుని జూన్‌లో బడి తెరవొచ్చు. నోటిఫికేషన్ మీద కోర్టు కేసుల సంగతి ఎవరికీ తెలియనిది కాదు. తేదీలు జారతాయి. జారినప్పుడు కూడా జూన్ వరకు ఆగి చేర్చుకుంటే కొంపలు మునిగేదేమీ లేదు, ఆలోగా జీతమిచ్చి సీనియర్ల బళ్లలో శిష్యరికం చేయిస్తే.

ప్రొబేషన్ ఖరారు చేసే ఫైలులో ఇప్పుడు చూసేది పనిచేసిన రోజులు, సర్టిఫికెట్ల నిజనిర్ధారణ, క్రమశిక్షణ కేసులు. చేరినప్పుడు పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో, ఏప్రిల్ చివరికి ఎక్కడిదాకా వచ్చిందో పేరుపేరునా రాసిన ఆ రెండు కాగితాల జాబితానూ అందులో పెట్టొచ్చు. మార్కులు వేయడానికి కాదు, మండల విద్యాధికారి పక్కన కూర్చుని, ‘ఈ ఆరుగురు ఎందుకు ఆగిపోయారమ్మా, ఏం కావాలి నీకు?’ అని అడగడానికి. అడిగి, ఆ జాబితాను ఇంకో యాప్‌లో అప్‌లోడ్ చేయమనకుండా వెళ్లిపోతే ఇంకా మేలు.